గోటి మీది కోత మచ్చ: ఒక కేటలాగు వాక్యానికి వ్యాఖ్యానం

పాత గోటీలు సేకరించేవాళ్లకు, వేలం కేటలాగులు రాసేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. గోటి ఎంత గొప్పదైనా దాని జాతకమంతా నాలుగు ముక్కల్లో తేల్చేస్తారు. అలాంటి వాక్యాన్ని ఒకదాన్ని నమూనాగా కూర్చి ఇక్కడ మూలంగా పెట్టుకుంటున్నాను. పెద్దలు ప్రబంధ పద్యాలకు చేసినట్టే దీనికీ పదం పదానికి వ్యాఖ్య చెప్పుకుంటూ పోదాం.

మూలం: "చేతితయారీ గాజు గోటి. జర్మనీ, 1870–1915. లత్తిచీనో కోర్ స్వర్ల్, బయట నాలుగు పట్టీలు. రెండు కొసలా కోత మచ్చ, ఒకటి సానబట్టినది. 19 మి.మీ. నెలవంక దెబ్బలు రెండు. పాలిష్ లేదు."

మనకెందుకీ గొడవ అంటారా? సిద్దిపేట జిల్లా నంగునూరులో గానీ చుట్టుపక్కల పల్లెల్లో గానీ అటక మీది పాత రేకు డబ్బా దించితే అడుగున నాలుగు గోటీలు దొరకడం వింత కాదు. సెల్‌ఫోనులో ధరలు చూసి వాటిని లక్షల సొమ్మనుకునేవాళ్లు కొందరు. ఆడుకోమని పిల్లల చేతిలో పోసేవాళ్లు కొందరు. ఇద్దరూ చూడకుండా వదిలేసేది ఒక్కటే, గోటి మీద మిగిలిన చేతిపని ఆనవాలు. గోటి పాతది కావడం వేరు, చేత్తో చేసింది కావడం వేరు. రెండూ ఒకే గోటిలో కలిస్తేనే పై వాక్యం దానికి వర్తిస్తుంది.

గోటి

కోస్తాలో గోలీ అనేదాన్ని మన సిద్దిపేట వైపు గోటి అంటాం. డబ్బాలో దొరికినవన్నీ ఒక జాతివి కావు గనుక ముందు వాటిని వేరు చేసుకోవాలి. మట్టి గోటీలు చవకవి. వాటికి కాలం కట్టడం దాదాపు అసాధ్యం. ప్రపంచమంతటా ఒకే తీరుగా చేశారు, ఒకే తీరుగా పోగొట్టుకున్నారు. రాతి గోటీల్లో అకీకు రాయిని సానబట్టి చేసినవి జర్మనీలోని ఇడార్-ఒబర్‌స్టయిన్ నుంచి పేరు పొందాయి. భూతద్దం కింద వాటి మీద చిన్న చిన్న చదును ముఖాలు కనిపిస్తాయి. లోపల గాలి బుడగ ఉండదు. బుడగ కనబడిందంటే అది రాయి కాదు, గాజే.

ఇక సోడా గోటి. మన ఊళ్లలో పాతవని చూపించేవాటిలో ఇవి తప్పకుండా ఉంటాయి. అది ఉండే సీసాకు హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజినీరు 1872లో పేటెంటు పొందాడు. సీసాను తలకిందులుగా పెట్టి గ్యాసుతో నింపుతారు. లోపలి ఒత్తిడికి గోటి పైకి తన్నుకుని, మెడలో ఉన్న రబ్బరు వాషరుకు బిగుసుకుని మూత పడుతుంది. సోడా ఒంపేటప్పుడు గోటి అడ్డం పడకుండా మెడ దగ్గర రెండు నొక్కులు ఆపుతాయి. గోటి బయటికి రావాలంటే సీసా పగలాల్సిందే. అలా వచ్చిన గోటి ఒకే రంగులో, లేత ఆకుపచ్చగానో నీలంగానో ఉంటుంది. ఇసుకలో ఉండే ఇనుము వల్ల వచ్చిన రంగు అది. లోపల గీత ఉండదు, పువ్వు ఉండదు. సోడాబండి చరిత్రకు సాక్ష్యంగా దాన్ని దాచుకోవచ్చు గానీ మన మూలవాక్యంలోకి మాత్రం రాదు.

చేతితయారీ

ఈ వాక్యానికి ఆయువుపట్టు ఈ మాటే. గాజు గోటిని చేత్తో ఎలా చేశారో తెలిస్తే కింద వచ్చే పదాలన్నీ వాటంతట అవే విప్పుకుంటాయి.

ఇనుప కడ్డీ కొసకు కరిగిన గాజు ముద్దను అంటిస్తారు. అచ్చు లోపలి గోడల వెంట సన్నని రంగు గాజు పుల్లలు ముందే నిలబెట్టి ఉంటాయి. ముద్దను అందులోకి దించితే పుల్లలు దానికి అతుక్కుంటాయి. మళ్లీ కొలిమి కుండలో ముంచి పైన పారదర్శకమైన గాజు పూత ఎక్కిస్తారు. కావాలంటే ఇంకో వరుస రంగు పుల్లలు, ఇంకో పూత. అప్పుడు కాచి, సాగదీసి, మెలిపెడతారు. లోపలి రంగులన్నీ మెలి తిరిగిన పొడుగాటి కడ్డీ తయారవుతుంది. దాని కొసను మళ్లీ మెత్తబరిచి ఒక ప్రత్యేకమైన కత్తెరతో పట్టుకుంటారు. ఆ కత్తెరకు ఒక పక్క చిన్న గిన్నె లాంటి గుంత, ఇంకో పక్క కోసే అంచు ఉంటాయి. గుంతలో కడ్డీ కొసను గుండ్రంగా తిప్పుతారు, గుండ్రం కుదరగానే కోసి వదిలేస్తారు. తర్వాతి గోటి అదే కడ్డీ మీద, ఇప్పుడు కోసిన చోటు నుంచే మొదలవుతుంది. అంటే నడుమ వచ్చే ప్రతి గోటికీ రెండు కోతలు ఉంటాయి, తన కంటే ముందున్న గోటి తెగిన చోట ఒకటి, తాను తెగిన చోట ఒకటి.

ఇది ఎక్కడో యూరప్ ముచ్చటే అనుకోనక్కర్లేదు. కరిగిన గాజును సాగదీసే విద్య తెలుగు నేల మీద ఈ మధ్యకాలం దాకా బతికే ఉంది. తిరుపతి దగ్గరి పాపానాయుడుపేటలో పూసల పనివాళ్లు 'లాడ' అనే పొడుగాటి ఇనుప గొట్టంతో గాజు ముద్ద నడుమ బోలు చేసి, ఒకరు లాక్కుంటూ పోతుంటే సన్నని గొట్టంగా సాగదీసేవాళ్లు. ఆ గొట్టాన్ని ముక్కలు చేసి, బూడిదతో కలిపి వేడి పెనం మీద తిప్పితే పదును అంచులు కరిగి పూసలయ్యేవి. పీటర్ ఫ్రాన్సిస్, ఆలోక్ కుమార్ కానుంగో వంటి పూసల పరిశోధకులు ఈ ఊరి పనిని పట్టించుకుని రాశారు. రెండు వేల ఏళ్ల నాడు దక్షిణ భారతం నుంచి ఆగ్నేయాసియా దాకా పోయిన చిన్న చిన్న గాజు పూసలు ఈ తీరులో చేసినవేనని వాళ్లు గుర్తించారు. జర్మనీలోని లౌషా ఊరి గోటికి, పాపానాయుడుపేట పూసకు చుట్టరికం లేదు. కానీ రెంటినీ చదివే పద్ధతి ఒకటే: గాజు ఏ వైపు సాగిందో చూడాలి.

గాజు

లోపల బుడగలుంటాయి. చేత్తో సాగదీసిన గోటిలో బుడగలు గుండ్రంగా నిలవవు, మెలి వెంట కోలగా సాగుతాయి. బుడగలున్నాయి కాబట్టి పాతది అనడం మాత్రం చెల్లదు. చవక యంత్రపు గోటీల్లోనూ బోలెడు బుడగలుంటాయి.

నోట్లు పరీక్షించే అతినీలలోహిత లైటు కింద గోటి పచ్చగా మెరిస్తే పాతదని చాలామంది నమ్మకం. యురేనియం కలిపిన గాజు ఆ లైటుకు గట్టిగా ఆకుపచ్చగా వెలుగుతుంది, మాంగనీసుతో తెల్లబరిచిన గాజు కొద్దిగా మెరుస్తుంది. ఈ రెండూ చేతి గోటీల్లోనూ ఉన్నాయి, యంత్రపు గోటీల్లోనూ ఉన్నాయి. కాబట్టి ఆ మెరుపు చూసి కాలం కట్టకండి.

జర్మనీ, 1870–1915

తురింగియా అడవుల్లో లౌషా అనే చిన్న ఊరుంది. 1597లో హాన్స్ గ్రైనర్, క్రిస్టోఫ్ ముల్లర్ అనే ఇద్దరు అక్కడ గాజు కొలిమి పెట్టారు. అడవిలో కట్టె, చేతికందే దూరంలో ఇసుక, ఇంకేం కావాలి? క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే గాజు గుండ్లకు, మనుషులకు పెట్టే కృత్రిమ కళ్లకు ఆ ఊరికి పేరొచ్చింది. ఇందాక చెప్పిన గోటి కత్తెర పుట్టిందీ అక్కడే. 1846 ప్రాంతంలో గ్రైనర్ కుటుంబంలోని ఎలియాస్ గ్రైనర్ దాన్ని తెచ్చాడు. అక్కడి నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా గాజు గోటి అంటే జర్మన్ సరుకే.

యుద్ధంతో ఆ ఎగుమతి ఆగిపోయింది. అంతకు ముందే అమెరికాలో ఒహాయో రాష్ట్రపు ఏక్రన్ పట్టణంలో మార్టిన్ ఫ్రెడరిక్ క్రిస్టెన్‌సన్ గుండ్లు దొర్లించే యంత్రానికి 1905లో పేటెంటు తీసుకున్నాడు. గాడులు కోసిన చక్రాల నడుమ వేడి గాజు ముక్క దొర్లుతూ దొర్లుతూ గుండ్రంగా మారుతుంది. ఏక్రన్‌లోనే పుట్టిన ఆక్రో ఆగేట్ కంపెనీ 1914లో వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్‌కు మారి మార్కెట్టును ఏలింది. మూలంలో 1915 దగ్గర గీత గీయడానికి కారణం ఇదే.

నడుమ ఒక సంధికాలం ఉంది. అదే అందరినీ ఎక్కువగా తికమక పెడుతుంది. క్రిస్టెన్‌సన్ యంత్రంలో తొలినాళ్లలో గాజును మనిషే కడ్డీతో తీసి, కత్తెరతో కోసి చక్రాల మీద వదిలేవాడు. గుండ్రం చేసింది యంత్రం, అందించింది చెయ్యి. ఆ గోటి ఒక కొసన రంగు 9 అంకెలా వంపు తిరిగి, రెండో కొసన తోకలా ముగుస్తుంది. సేకర్తలు వీటిని వేరే పద్దు కింద రాసుకుంటారు. చేతి గోటి అని అమ్మజూపితే ఒప్పుకోకండి.

జర్మన్ గోటి నంగునూరుకు ఎలా వస్తుందని అడగొచ్చు. మొదటి యుద్ధానికి ముందు బొహీమియా నుంచి, అంటే నాటి ఆస్ట్రియా రాజ్యం నుంచి, గాజులూ పూసలూ ఓడల కొద్దీ మన దేశానికి దిగాయి. యూరప్ గాజు మన పల్లెలకు కొత్త సరుకేం కాదు. అయితే దారి ఉన్నంత మాత్రాన ఫలానా గోటి ఆ దారినే వచ్చిందని చెప్పలేం. చెప్పాలంటే గోటి మీద గుర్తుండాలి.

లత్తిచీనో కోర్ స్వర్ల్

స్వర్ల్ అంటే మెలి. కోర్ అంటే నడిమి గుంజు. లత్తిచీనో అన్నది వెనీసు గాజు పనివాళ్ల నుంచి వచ్చిన పేరు, పాల రంగు సన్నదారాలతో అల్లిన వల లాంటి పని. గోటిని ఎండకు పట్టుకుంటే నడిమధ్యలో తెల్లని లేదా పసుపు దారాలు జల్లెడ కట్టినట్టు, మెలి తిరుగుతూ ఒక కొస నుంచి ఇంకో కొస దాకా కనిపిస్తాయి. చేతి గోటీల్లో ఎక్కువగా దొరికే రకం ఇదే. తెల్ల దారాలు మామూలు, పసుపు కొంచెం తక్కువ, ఎరుపు, ఆకుపచ్చ అరుదు.

దారాల బదులు గుంజు నిండుగా రంగు గాజుతో ఉంటే సాలిడ్ కోర్. గుంజు విడివిడి పట్టీలుగా చీలి ఉంటే డివైడెడ్ కోర్. ఒకటో రెండో చదును పట్టీలు మెలి తిరిగి ఉంటే రిబ్బన్ కోర్. పైన రంగు చుక్కలు సాగి ఉల్లిపొర మీది గీతల్లా కనబడితే ఆనియన్‌స్కిన్. రాగి పలుకులు బంగారంలా మిలమిలలాడితే లుట్జ్. ఫ్రాన్సులో పుట్టి అమెరికాలో పనిచేసిన గాజు పనివాడు నికొలస్ లుట్జ్ పేరు దానికి తగిలించారు గానీ అవి చేసింది జర్మన్లే. నలుపు గాజు మీద రంగు పట్టీలుంటే దానికి సేకర్తల్లో 'ఇండియన్' అని పేరు. అదీ జర్మన్ సరుకే, మన దేశంలో చేసింది కాదు. ఆ పేరు చూసి మనవాళ్లు సంబరపడటం నేను విన్నాను. లోపల తెల్లని కుక్క, గొర్రె, పక్షి బొమ్మ ఉంటే సల్ఫైడ్. బొమ్మ చుట్టూ సన్నని గాలి పొర ఉండి వెండిలా మెరుస్తుంది. ఇవి మామూలుగా అంగుళం దాటిన పెద్ద గోటీలు.

ఇక్కడే ఒక సంభాషణ రాయక తప్పదు, ఎందుకంటే ఇది పదే పదే జరిగేదే.

"సార్, గిది మా తాత ఆడుకున్న గోటి. పోలీస్ యాక్షన్ కంటె ముందుగాలది."

"ఏదీ, ఎండకు పట్టు బిడ్డా. లోపల ఏం కనవడ్తున్నయి?"

"ఆకులు. పచ్చయి, మూడు."

"అవి అటు కొసకు, ఇటు కొసకు తాకినయా?"

"లేదు సార్. నడుమనే ఉన్నయ్."

అది పిల్లి కన్ను గోటి. పారదర్శకమైన గాజు నడుమ రెండో మూడో రంగు రెక్కలు తేలుతున్నట్టుంటాయి, ఉపరితలానికి ఎక్కడా అంటవు. కోత మచ్చ ఉండదు. ఈ రకం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1950 ప్రాంతంలో జపాను నుంచి ప్రపంచం మీదికొచ్చింది. 1955 నాటికి అమెరికా కంపెనీలు కూడా చేయడం మొదలుపెట్టాయి. పోలీస్ యాక్షన్‌తో హైదరాబాదు సంస్థానం కలిసిపోయింది 1948 సెప్టెంబరులో. అంటే ఆ అబ్బాయి తాత నిజాం కాలంలో ఆడుకున్న గోటి అది కాదు. తాత అబద్ధం చెప్పాడని దీనర్థం కాదు, డబ్బాలో గోటీలు తరాలు తరాలుగా కలిసిపోతాయి. మనవడికి కిరాణం దుకాణంలో కొనిచ్చిన గోటి, తాత గోటి ఒకే డబ్బాలో దొర్లుతూ ఉంటాయి.

బయట నాలుగు పట్టీలు

గుంజు పైన, గాజు ఉపరితలానికి కాస్త కింద, రంగు పట్టీలు ఇంకో వరుస. నాలుగు, అయిదు, ఆరు, లెక్క ఎంతైనా కావచ్చు. పుల్లలు ఎన్ని పెడితే అన్ని పట్టీలు. చూడాల్సింది లెక్క కాదు, ప్రతి పట్టీ ఒక కొసన పుట్టి మెలి తిరిగి రెండో కొసన ముగుస్తోందా లేదా అని. మధ్యలో ఒక పట్టీ వెడల్పుగా, ఇంకొకటి సన్నగా ఉన్నా దోషం కాదు. అది మనిషి చెయ్యి. యంత్రపు గోటీల్లో రంగు ఎటు పడితే అటు పారుతుంది, లేదా రెండు సగాలుగా అతికినట్టుంటుంది. అలాంటి గోటికి రెండు కొసలు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించలేం.

మెలి దిశ కూడా గమనించండి. ఎక్కువ గోటీల్లో మెలి ఒకే వైపు ఉంటుంది. ఎదురు మెలి తక్కువగా దొరుకుతుంది గనుక సేకర్తలు దానికోసం కాస్త ఎక్కువ ఇస్తారు.

కోత మచ్చ

పాంటిల్ అని సేకర్తలు అనేది ఇదే. ఒక్క పదం మాత్రమే గుర్తుంచుకోగలనంటే ఈ పదాన్నే గుర్తుంచుకోండి, మిగతావన్నీ వదిలేసినా నష్టం లేదు.

గోటిని వేళ్ల మధ్య నెమ్మదిగా తిప్పుతూ పోతే పట్టీలన్నీ వచ్చి కలిసే చోటు దొరుకుతుంది. అక్కడ రేగుపండుకు తొడిమె ఊడిన చోటులా చిన్న గరుకు మచ్చ ఉంటుంది. వాచీ రిపేరు చేసేవాళ్లు కంటికి తగిలించుకునే భూతద్దం ఉంటే అరువు తెచ్చుకోండి. దాని కింద ఆ మచ్చ ఒక ప్రపంచం. గాజు మెత్తగా ఉండగా తెగింది కాబట్టి అంచులు లోపలికి ముడుచుకుని ఉంటాయి. కొన్నిసార్లు చిన్న మడత, కొన్నిసార్లు నత్తగుల్ల తిరుగుడు. రంగు పట్టీలు ఆ మడతలోకి దూరి ఆగిపోతాయి. ఇప్పుడు గోటిని సరిగ్గా రెండో వైపు తిప్పండి. అలాంటిదే రెండో మచ్చ ఉండాలి.

"ఒకటి సానబట్టినది" అంటే గరుకు తీయడానికి ఆ కొసను రాతి మీద అరగదీశారని. అరగదీసిన చోట చిన్న చదును, లేదా మూడు నాలుగు చదును ముఖాలు, వాటి మీద సన్నని సమాంతర గీతలు కనిపిస్తాయి. ఎక్కువ శ్రమ పెట్టిన సరుకుకే ఈ మర్యాద దక్కేది. మంటకు చూపి కరిగించి నున్న చేసినవీ ఉన్నాయి. అక్కడ మచ్చ చదునుగా కాకుండా కాస్త అలలు తేలినట్టుంటుంది.

ఒకే మచ్చ ఉన్న గోటి కూడా చేతిదే కావచ్చు. కడ్డీకి మొదటి గోటి, చివరి గోటి అలాగే వస్తాయి. మొదటిదానికి ఒక కొసన పట్టీలు చివరి దాకా రాకముందే ఆగిపోతాయి. చివరిదానిలో రంగు అర్ధంతరంగా అయిపోయి పైన ఉట్టి గాజు మిగులుతుంది. వీటిని పనికిరానివని పక్కన పడేసేవాళ్లున్నారు. నాకు మాత్రం ఇవే ముచ్చట. కడ్డీ ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో చెప్పే సాక్ష్యం వీటిలోనే ఉంది.

మరి మచ్చ ఉంటే చాలా? చాలదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. అమెరికాలోనూ ఇతర చోట్లా ఈ కాలపు గాజు కళాకారులు అదే పాత పద్ధతిలో గోటీలు చేస్తున్నారు, వాటికీ కోత మచ్చలుంటాయి. మచ్చ చేతిపనిని రుజువు చేస్తుంది, కాలాన్ని చేయదు. కాలానికి మచ్చ చుట్టూ చూడాలి. నూరేళ్లు దొర్లిన గోటికి మచ్చ అంచులు కొద్దిగా మొద్దుబారి ఉంటాయి, ఆ మడతల్లో మురికి ఇరుక్కుని ఉంటుంది, ఒంటి నిండా సన్నని గీతలుంటాయి. కొత్తదానికి మచ్చ అంచు గోరుకు గుచ్చుకుంటుంది, ఉపరితలం అద్దంలా ఉంటుంది.

19 మి.మీ.

కొలత గొప్పకు రాసింది కాదు. యంత్రపు ఆట గోటి మామూలుగా 16 మి.మీ. దగ్గర ఉంటుంది, అన్నీ ఒకే తీరుగా. చేతి గోటీలు చిన్నవీ పెద్దవీ అన్నీ ఉన్నాయి. నిజంగా గుండ్రంగా ఉన్నది తక్కువ. వెర్నియర్ కాలిపర్స్‌తో రెండు మూడు దిక్కుల కొలిస్తే మిల్లీమీటరులో కొంత తేడా రావడం సహజం. చదును అద్దం మీద వదిలితే తూలుతూ దొర్లుతుంది.

కొలతతో పాటు తూకం కూడా రాయాలని నేనంటాను, కేటలాగులు రాయవు గానీ. మామూలు సోడా గాజు ఘన సెంటీమీటరుకు 2.5 గ్రాముల దగ్గర తూగుతుంది. 19 మి.మీ. గోటి ఘనపరిమాణం 3.6 ఘన సెంటీమీటర్లు. అంటే బరువు 9 గ్రాములకు అటూ ఇటూ ఉండాలి. ఈ కాలపు దీపం మంట మీద పనిచేసే కళాకారులు చాలామంది వాడే బోరోసిలికేట్ గాజైతే అదే సైజు గోటి 8 గ్రాములే తూగుతుంది. అక్రిలిక్ ప్లాస్టిక్కయితే 4 గ్రాముల దగ్గరే ఉంటుంది. బంగారం దుకాణంలో ఉండే చిన్న తక్కెడ ఈ పనికి చాలు. ఆ సైజులో 8 గ్రాములే తూగిన గోటిని 1880 నాటిదని ఎవరు చెప్పినా నమ్మాల్సిన పని లేదు. 9 తూగితే మాత్రం వెంటనే పాతదని కాదు, ఇప్పటి గోటీల్లో సోడా గాజువి లెక్కలేనన్ని.

నెలవంక దెబ్బలు

ఒక గోటి ఇంకో గోటిని కొట్టినప్పుడు ఉపరితలం లోపల నెలవంక ఆకారంలో చిన్న పగులు ఏర్పడుతుంది. పైన గాజు ఊడదు, లోపల మాత్రం వెలుగు పడితే తెల్లగా కనిపిస్తుంది. గుంతలోని గోటిని జానెడు దూరం నుంచి వేళ్లతో కొట్టిన ఆటకు ఇది మిగిలిన ఆనవాలు. పెచ్చు ఊడితే అది వేరే లెక్క, దాన్ని వేరుగా రాయాలి. దెబ్బలు లేని గోటి అంటే ఎవరూ ఆడని గోటి. వేలంలో దానికే ధర ఎక్కువ పలుకుతుంది. నంగునూరు డబ్బాల్లో అలాంటిది దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. మన దగ్గర గోటి కొన్నది ఆడటానికే.

వేడి నీళ్లు పోసి కడగొద్దు. చల్లని గాజు మీద వేడి నీళ్లు పడితే ఆ నెలవంక పగులు ఇంకాస్త పాకుతుంది. గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు, మెత్తని గుడ్డ చాలు. గుడ్లు పెట్టే అట్ట ట్రేలో ఒక్కో గోటిని ఒక్కో గుంతలో పెట్టి దాచండి. ఒకదానితో ఒకటి దొర్లడం ఆగితేనే కొత్త దెబ్బలు ఆగుతాయి.

పాలిష్ లేదు

రెండే మాటలు గానీ వాక్యంలో ధరను తేల్చేవి ఇవే. పాలిష్ చేస్తే గోటి కొత్తగా మెరుస్తుంది, నెలవంకలు మాయమవుతాయి. వాటితో పాటు కోత మచ్చ కూడా పోతుంది. మచ్చ పోయిన గోటి గురించి ఇది చేతిదనీ, ఇక్కడిదనీ, ఇప్పటిదనీ ఏదీ రుజువు చేయలేం. సానరాయి తెలిసినవాళ్లకు ఇచ్చి "కొద్దిగా మెరుగు పెట్టు" అని చెప్పేవాళ్లను చూస్తే నాకు బాధ. దాచుకోవాలనుకున్న వస్తువు పుట్టుకచీటీని వాళ్లు తమ డబ్బుతోనే చింపిస్తున్నారు.

మూలంలో లేని పదం: పూస

వ్యాఖ్యాత మూలంలో లేనిది కూడా అవసరమైతే చెప్పాలి. నంగునూరులో గాజు గుండు దొరికిందని ఎవరైనా చూపిస్తే నేను ముందు చూసేది మచ్చ కోసం కాదు, రంధ్రం కోసం. ఈ మండలం నేల అలాంటిది. మండలంలోని నర్మెట, పాలమాకుల దగ్గర రాష్ట్ర వారసత్వ శాఖ 2017లో బృహత్ శిలా సమాధులు తవ్వింది. ఊళ్లో రాకాసి గుళ్లు అనేవి అవే. నర్మెటలో ఒక సమాధి మీది కప్పురాయి 40 టన్నులకు పైబడింది, క్రేన్లు తెచ్చి లేపాల్సి వచ్చింది. లోపల ఎముకతో చేసిన పూసలు కూడా దొరికాయి. సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్‌లో 1940 నుంచి తవ్వకాలు జరిపి శాతవాహన కాలపు పట్టణాన్ని వెలికితీశారు. అక్కడ దొరికిన రకరకాల పూసల్లో గాజువి కూడా ఉన్నాయి, ఆ ఊరి మ్యూజియంలో చూడొచ్చు.

రంధ్రం ఉన్న గాజు గుండును చదివే పద్ధతి మనం ఇందాక నేర్చుకున్నదే. బుడగలూ గీతలూ రంధ్రం వెంట నిలువుగా సాగి ఉంటే అది గొట్టంగా సాగదీసి కోసిన పూస, పాపానాయుడుపేట పద్ధతి. రంధ్రం చుట్టూ గిరగిరా తిరిగి ఉంటే ఇనుప పుల్ల మీద కరిగిన గాజును చుట్టి చేసింది. దీనికి భూతద్దం, మంచి వెలుతురు చాలు. కానీ ఆ చదువు చదవాల్సింది అది దొరికిన చోటు తెలిసినప్పుడే. ఏ చెలకలో, ఎంత లోతులో, పక్కన కుండ పెంకులున్నాయా అన్నవి పోతే పూస ఉట్టి గాజు ముక్కే.

కాబట్టి మనవి. డబ్బాలో దొరికిన గోటికి ముందు కోత మచ్చ రెండు వైపులా ఫోటో తీయండి. ఎవరింట్లో, ఎవరి డబ్బాలో ఉందో కాగితం మీద రాసి దానితో పెట్టండి. తర్వాతే కడగండి. నాగలికి గానీ బోరు తవ్వకానికి గానీ రంధ్రమున్న పాత పూస తగిలితే జేబులో వేసుకోకండి, తహసీల్దారు ఆఫీసులో చెప్పండి. నిధినిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన విలువైనదాని గురించి కలెక్టరుకు తెలియజేయడం దొరికినవాళ్ల బాధ్యత.